గుర్తుపెట్టుకోమని అడగని ఇల్లు

అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు బాగా ముదిరిన తొమ్మిదిమంది మగవాళ్ళకు కొన్నాళ్ళు తెల్ల పళ్ళేల్లో, కొన్నాళ్ళు ముదురు ఎర్ర పళ్ళేల్లో భోజనం పెట్టి, ఎవరు ఎంత తిన్నారో, ఎంత తాగారో కొలిచారు. ఎర్ర పళ్ళేలు, ఎర్ర గ్లాసులు పెట్టిన రోజుల్లో తిండి సగటున 25 శాతం, తాగినవి 84 శాతం పెరిగాయి. 2004లో ఈ ఫలితాలు అచ్చయ్యాక ఎర్ర పళ్ళేనికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది, ఎరుపులోనే ఏదో మహత్తు ఉన్నట్టు. నిజానికి అదే బృందం ఏడాది తర్వాత ముదురు నీలం పళ్ళేలతో చేసి చూస్తే అప్పుడూ తిండి పెరిగింది. లేత ఎరుపు, లేత నీలం వాడితే పెరగలేదు. అంటే పనిచేసింది రంగు కాదు, కంచానికీ అందులోని పదార్థానికీ మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. తొమ్మిదిమంది మీద చేసిన పరీక్ష చాలా చిన్నదే. దాని మీద మేడలు కట్టకూడదు. కానీ ముసలి కన్ను ఎలా చూస్తుందో తెలిసినవాళ్ళకు ఈ ఫలితం వింతగా అనిపించదు.

ఇప్పుడు మన వంటింట్లోకి వద్దాం. స్టీలు కంచం, పైన ట్యూబ్‌లైటు, కంచంలో పెరుగన్నం. వెలుగు కంచం అంచు మీద పడి మెరుస్తుంది. తెల్లటి అన్నం ఎక్కడ ఆగిందో, తెల్లటి మెరుపు ఎక్కడ మొదలైందో డెబ్బై ఎనభై ఏళ్ళ కంటికి తెలియడం కష్టం. స్టీలు గ్లాసులో నీళ్ళయితే ఉన్నాయో లేవో కూడా తెలియదు. పెద్దాయన కంచాన్ని అలా చూస్తూ కూర్చుంటాడు. నాలుగు ముద్దలు తిని లేచిపోతాడు. ‘తిండి దగ్గర మారాం చేస్తున్నారు’ అని ఇంట్లోవాళ్ళు డాక్టరుకు చెబుతారు. అదే అన్నాన్ని అరిటాకులో వడ్డించి చూస్తే పచ్చటి ఆకు మీద తెల్లటి అన్నం, పక్కన ఎర్రటి ఆవకాయ దేనికది విడిగా కనిపిస్తాయి. రోజూ అరిటాకు కుదరకపోతే ముదురు రంగు మెలమైన్ కంచం చాలు. అసలు కనిపించడమే లేదేమో అన్న అనుమానం ముందు రావాలి. మొండితనం సంగతి తర్వాత చూడొచ్చు.

జ్ఞాపకం, ఆలోచన క్రమంగా క్షీణించే స్థితిని డిమెన్షియా అంటారు, అల్జైమర్స్ అందులో ఒక రకం. డిమెన్షియా విషయంలో పరిసరాలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు అన్న ప్రశ్నకు మంచి జవాబు చెప్పినవాడు పావెల్ లాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. మనిషి శక్తి తగ్గేకొద్దీ అతని నడవడి మీద పరిసరాల పెత్తనం పెరుగుతుందని ఆయన 1968లోనే ప్రతిపాదించాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు చెడ్డ ఇంట్లో కూడా నెట్టుకొస్తాడు. స్విచ్ తలుపు వెనకాల ఉంటే రెండు రోజుల్లో అలవాటు పడతాడు, బాత్రూమ్ వంటింటి అవతల ఉంటే గుర్తుపెట్టుకుంటాడు. డిమెన్షియా ఉన్నవారిలో చాలామందికి కొత్త విషయాన్ని గుర్తుపెట్టుకునే శక్తే ముందు పోతుంది. కాబట్టి ఇల్లు ‘ఇది గుర్తుపెట్టుకో, అది గుర్తుపెట్టుకో’ అని అడిగిన ప్రతిచోటా వాళ్ళు ఓడిపోతారు. ఆ ఓటమిని మనం జబ్బు లక్షణాల కింద రాసేసుకుంటాం. అందులో ఎంత భాగం జబ్బుదో, ఎంత భాగం ఇంటిదో విడదీసి చూడటమే ఈ రంగంలో పనిచేసేవాళ్ళ అసలు పని.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉందని 2023లో అచ్చయిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్ళలో, పల్లెల్లో ఈ శాతం ఎక్కువ. వీళ్ళలో అత్యధికులు ప్రత్యేక కేంద్రాల్లో కాదు, ఇళ్ళలోనే ఉంటారు. కోడలో, కూతురో, భార్యో చూసుకుంటారు. జబ్బును పూర్తిగా నయం చేసే మందు లేదు. ఇంటిని మార్చడానికి మాత్రం ఎవరి చీటీ అక్కర్లేదు.

కన్ను సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. వయసు మీదపడేకొద్దీ కంటి కటకం పసుపెక్కుతుంది, కంటిపాప అంతగా తెరుచుకోదు. పాతికేళ్ళ కుర్రాడికి సరిపోయే వెలుగుకు రెండు మూడింతలు ఉంటేగాని ముసలివాళ్ళకు అదే స్పష్టత రాదు. లేత నీలం, లేత ఆకుపచ్చ, లేత బూడిద రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దీనికి డిమెన్షియా తోడైతే చూసినదాన్ని అర్థం చేసుకునే చోట కూడా తేడా వస్తుంది. నేల మీద నల్లటి పట్టా పరిస్తే అక్కడ గొయ్యి ఉందనిపిస్తుంది. నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్ మీద కిటికీ వెలుగు పడితే నీళ్ళు ఒలికాయనిపిస్తుంది. గళ్ళ డిజైను టైల్స్ మీద మెట్లున్నాయనుకుని కాలెత్తి వేస్తారు. హాలు దాటి రావడానికి అమ్మమ్మ గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వస్తోందంటే, ఆమె ఆ ‘నీళ్ళ’ను తప్పించుకుంటూ ఉండవచ్చు. మన పాత ఇళ్ళ షాబాద్ బండలకు, నాపరాళ్ళకు ఈ మెరుపు తక్కువ. గృహప్రవేశం నాటికి అద్దంలా మెరవాలన్న సరదా మనకు ఈ పదిహేను ఇరవై ఏళ్ళలో ముదిరింది. నేల తవ్వి మార్చనక్కర్లేదు. కిటికీకి పల్చటి తెర వేసి, నల్ల పట్టాలు తీసేసి, నడిచే దారిలో ఒకే రంగు ఉండేలా చూస్తే సగం భయం పోతుంది.

గడప దగ్గర మాత్రం ఆగాలి. ఎత్తు గడప తట్టుకుని పడతారు కాబట్టి తీసేయమని ఏ వైద్యుడైనా చెబుతాడు, అది సబబే. కానీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన గడపను చూడండి. ఇక్కడ ఎత్తు ఉంది, ఇక్కడ గది మారుతోంది అని దూరం నుంచే చెప్పే గుర్తు అది. విదేశాల్లో మెట్ల అంచులకు పసుపు పట్టీ అంటించమని డిజైన్ పుస్తకాలు చెప్పేది ఇదే. కొత్త ఫ్లాట్లలో గడప ఎత్తు పోయింది, మంచిదే. కొన్నిచోట్ల మాత్రం ఎత్తు అరంగుళమో అంగుళమో మిగిలి, రంగు పోయింది. నేలా గ్రానైటే, గడపా గ్రానైటే. తగిలి పడటానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. ఉంటే పసుపుతో ఉండాలి, లేదంటే మొత్తంగా ఉండకూడదు.

అద్దం ఇంకో చిక్కు. పడకగదిలో నిలువుటద్దం ఉన్న బీరువా దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. జబ్బు ముదిరాక తన ప్రతిబింబం తనదని తెలియని దశ కొందరికి వస్తుంది. తన మనసులో తనకు ముప్పై ఐదేళ్ళు. అద్దంలో ఉన్నది ఎవరో ముసలావిడ, పైగా తననే గుచ్చి గుచ్చి చూస్తోంది. బట్టలు మార్చుకోనని, ఆ గదిలో పడుకోనని గొడవ చేస్తారు. ‘గదిలో ఎవరో ఉన్నారు’ అని అంటే దయ్యమంటారు, భ్రాంతి అంటారు, తాయెత్తు దాకా వెళుతుంది. బీరువా తలుపుకు ఒక పాత చీర కట్టి వారం రోజులు చూడటం వీటన్నిటికంటే సులువు. రాత్రిపూట నల్లగా మారి లోపలి మనుషుల్ని చూపించే కిటికీ గాజుకూ ఇదే మందు.

ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ గొడవలు జరిగేది, కుటుంబాలు చివరికి చేతులెత్తేసేది బాత్రూమ్ దగ్గర. ఒక రాత్రిని మెల్లగా నడిపి చూద్దాం. రెండింటప్పుడు మెలకువ వస్తుంది. గదిలో జీరో బల్బు వెలుగుతోంది. దాని నీలపు వెలుగులో ఏ వస్తువూ ఆనదు, నీడలు మాత్రం పెద్దవవుతాయి. గదిలో మూడు తలుపులు, మూడూ ఒకే రంగు టేకు పాలిష్‌తో మూసే ఉన్నాయి. ఒకటి హాల్లోకి, ఒకటి బాల్కనీలోకి, ఒకటి బాత్రూమ్‌లోకి. ఏది ఏదో గుర్తులేదు. బాల్కనీ తలుపు గడియ తీయబోతే రాదు. ఈలోగా ఆపుకోలేరు. మూలన ఉన్న పూలకుండీయో, చెత్తబుట్టో కనబడుతుంది. తెల్లారి ఇంట్లో రభస. ఒకవేళ సరైన తలుపే తీశారనుకుందాం. లోపల గోడకు తెల్ల టైల్స్, నేలకు తెల్ల టైల్స్, తెల్లటి కమోడ్, దానికి తెల్లటి మూత. కూర్చునే చోటు ఎక్కడుందో తెలియక నేల మీదే కానిస్తారు. అరవై ఏళ్ళు నేల మరుగుదొడ్డి మీద గొంతుక్కూర్చున్న మనిషికి మూత వేసిన కమోడ్ ఒక కుర్చీలా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇందులో గుర్తుపెట్టుకోమని అడిగినవి ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కొక్కటీ తీసేయడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. బాత్రూమ్ తలుపు రాత్రంతా తెరిచే ఉంచి లోపల పసుపుపచ్చని లైటు వెలిగించి ఉంచాలి. మంచం మీద నుంచి చూస్తే కమోడ్ కనబడేలా మంచాన్ని తిప్పాలి. ముదురు రంగు సీటు బిగించి, మూత ఊడదీసేయాలి. లోపలి గొళ్ళెం తీసేయాలి, గడియపెట్టుకుని తీయడం తెలియక లోపలే ఉండిపోయినవారి తలుపులు పగలగొట్టిన ఇళ్ళు చాలానే ఉంటాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కొరిన్ డోలన్ కేంద్రం అని ఒకటి 1989లో డిమెన్షియా ఉన్నవారి కోసమే కట్టారు. అక్కడ టాయిలెట్‌కు అడ్డంగా ఉన్న తెర వేసి ఉంచినప్పుడు, తీసి ఉంచినప్పుడు వాడకం ఎలా ఉందో పోల్చి చూశారు. తెర తీసి, కమోడ్ కళ్ళకు కనబడుతున్నప్పుడు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళడం బాగా పెరిగింది. గౌరవం పేరుతో మనం వేసే తెరే వాళ్ళ పరువు తీస్తోందన్నమాట. బకెట్, మగ్గు, ముక్కాలిపీట కొందరికి షవర్ కంటే ఎంతో నయం. తల మీద ఎక్కడి నుంచో నీళ్ళు పడటం భయపెడుతుంది. మగ్గుతో తమ చేత్తో పోసుకునే నీళ్ళు అలా భయపెట్టవు. గీజర్ వేడి మాత్రం వాళ్ళ చేతికి వదలకూడదు.

తలుపు మీద ‘బాత్రూమ్’ అని చీటీ అంటించడం చాలామందికి మొదట తట్టే ఉపాయం. చదువుకున్నవారికి, జబ్బు తొలినాళ్ళలో, పెద్ద తెలుగు అక్షరాలతో రాస్తే పనికొస్తుంది. మన పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చదవడం రానివారు ఇంకా చాలామందే ఉన్నారన్నది మరవకూడదు. బొమ్మ వేసినా అది వాళ్ళు ఎరిగిన మరుగుదొడ్డి బొమ్మలా ఉండాలి. హోటళ్ళలో తలుపు మీద అతికించే మీసం, టోపీ లాంటి తమాషా గుర్తులు జబ్బు లేనివాళ్ళకే ఒక్కోసారి అర్థం కావు.

వంటింటికి వస్తే, మాడ్యులర్ కిచెన్ అనేది డిమెన్షియాకు పగబట్టి కట్టినట్టుంటుంది. పద్నాలుగు తలుపులు, అన్నీ ఒకే లామినేట్, కొన్నిటికి పిడులు కూడా ఉండవు. టీ పొడి ఎక్కడుందో తెలియాలంటే జ్ఞాపకం ఒక్కటే దారి. పాత ఇళ్ళలో అలమరల్లో వరసగా పేర్చిన డబ్బాలు, గోడకు కొట్టిన చెక్క మీద పోపుల డబ్బా, మేకుకు వేలాడే జల్లెడ కళ్ళెదుట ఉండేవి. చూస్తే చాలు. రెండు తలుపులు ఊడదీసి టీ సామాను, కప్పులు కనబడేలా పెడితే తన టీ తాను పెట్టుకునే కాలం ఇంకొన్నాళ్ళు పొడిగించవచ్చు. గ్యాస్ భయం నిజమైనదే. ఎవరూ చూడని వేళల్లో సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయాలి. ఇంతకంటే ప్రమాదం మనవాళ్ళు పట్టించుకోని చోట ఉంది. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి సింకు కింద దాచే ఫినాయిల్, యాసిడ్. సీసా చూసి తాగేస్తారు. ఇంట్లో డిమెన్షియా అని తెలిసిన రోజే ఆ సీసాలు బయటికి పోవాలి.

భద్రత పేరుతో వంటింట్లోకే రానివ్వకపోవడం మరో తప్పు. చేతులకు తెలిసిన పనులు తలకు తెలిసినవాటికంటే ఆలస్యంగా పోతాయి. ఈ రోజు ఏ వారమో చెప్పలేని ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీసి ఒలవగలదు, చేటలో బియ్యం చెరగగలదు, పత్తితో ఒత్తులు చేయగలదు, మల్లెపూలు కట్టగలదు. అడిగితే ‘నాకు రాదు’ అనవచ్చు. కుర్చీ పక్కన చేట, అందులో కాయలు ఉంటే చేతులు వాటంతట అవే మొదలుపెడతాయి. పనికి పిలిచేది మనిషి మాట కాదు, ఎదురుగా ఉన్న వస్తువు. పూజగదిలో దీపం వెలిగించే అలవాటూ అంతే, పక్కన ఒకరు నిలబడి కొనసాగనివ్వాలి. చీర కొంగు, అగ్గిపుల్ల కలిసిన చోట ఒంటరిగా వదలకూడదు.

1974లో ఫిలడెల్ఫియాలో లాటన్ బృందం ఆలోచనతో వైస్ ఇన్‌స్టిట్యూట్ అనే భవనం కట్టారు. డిమెన్షియా ఉన్నవారి కోసం ప్రత్యేకంగా ఆలోచించి కట్టిన తొలి భవనాల్లో అదొకటి. మధ్యలో పెద్ద ఖాళీ జాగా, గదులన్నీ దాని చుట్టూ దానిలోకే తెరుచుకునేలా ఉంటాయి. గది దాటగానే భోజనాల బల్ల, కూర్చున్న మనుషులు, నడుస్తున్న నర్సు అన్నీ ఒక్క చూపులో పడతాయి. ఈ వర్ణన విన్న గోదావరి జిల్లాల మనిషికి వెంటనే మండువా లోగిలి గుర్తొస్తుంది. నడిమధ్య ఆకాశం, చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. తప్పిపోవడానికి అందులో వీలే లేదు. గుండ్రంగా ఎంత తిరిగినా బయల్దేరిన చోటికే వస్తారు. వంటింట్లో ఉన్న కోడలికి మామగారు, మామగారికి కోడలు కనబడుతూనే ఉంటారు. బయట అరుగు మీద కూర్చుంటే వీధి కనబడుతుంది, వీధికి వాళ్ళు కనబడతారు. ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ ఫ్లెమింగ్, కర్‌స్టీ బెనెట్ కూర్చిన డిజైన్ సూత్రాల్లో చూడటం, కనబడటం, ఎరిగిన చోటులా ఉండటం, కదలడానికి వీలివ్వడం, ఊరితో లంకె తెగకపోవడం ముఖ్యమైనవి. మండువా ఇల్లు వీటిలో చాలావరకు ఎవరూ చెప్పకుండానే తీర్చింది.

అలాగని పాత ఇంటిని నెత్తికెత్తుకోవడం తగదు. ఆ ఇళ్ళలో గదులు చీకటిగా ఉండేవి, మండువాలోకి దిగే మెట్టు వానకు పాచిపట్టేది, మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది, దాని దారిలో నుయ్యి. తీసుకోవలసింది ఇంటి నమూనాలోని తెలివిని మాత్రమే. అపార్ట్‌మెంట్‌లో దాన్ని రాబట్టే దారులున్నాయి. హాల్లో పెద్దవాళ్ళ కుర్చీ టీవీ వైపు కాకుండా వంటింటి వైపు, వీధి తలుపు వైపు చూసేలా వేయవచ్చు. వాళ్ళ గది తలుపు తీసే ఉంచవచ్చు. అన్ని అంతస్తుల్లోనూ ఒకే రంగు తలుపులు, ఒకే నంబరు పలకలు ఉండే భవనంలో లిఫ్ట్ తప్పు అంతస్తులో ఆగితే పక్కవాళ్ళింట్లోకి వెళ్ళడం ఖాయం. సొంతూరి ఇంటి గుమ్మానికి ఉండే తోరణమో, తులసి కుండీయో, పాత ఇంటి నుంచి తెచ్చిన చెక్క బల్లో తమ గుమ్మం బయట ఉంటే నంబరు కంటే బాగా పనిచేస్తుంది. కారిడార్‌లో ఏమీ ఉండకూడదనే సొసైటీ నిబంధన అడ్డొస్తే సంఘంతో మాట్లాడి ఒప్పించుకోవాల్సిందే.

సాయంత్రం వేళ వేరే కథ. వెలుగు తగ్గుతుండగా అలజడి మొదలవుతుంది. సొంతింట్లోనే ఉండి ‘ఇంటికి పోదాం పద’ అని సంచీ సర్దుకుంటారు. ‘ఇదే మన ఇల్లు’ అని వాదిస్తే వాదన ముదురుతుందే తప్ప నెమ్మది రాదు. వాళ్ళడుగుతున్నది గోడల్ని కాదు, ఒకప్పుడు ఇంట్లో ఉంటే కలిగిన నిబ్బరాన్ని. పరిసరాల వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది. పొద్దు వాలక ముందే లైట్లు వేసేయడం, కిటికీ తెరలు దించడం, సీరియళ్ళ అరుపులు తగ్గించడం, పగటిపూట బాల్కనీలోనో డాబా మీదో నిజమైన ఎండ తగిలేలా చూడటం. నెదర్లాండ్స్‌లో 12 కేంద్రాల్లో 189 మంది మీద జరిపిన అధ్యయనంలో పగలంతా బాగా వెలుగున్న హాళ్ళలో గడిపినవారికి దిగులు లక్షణాలు 19 శాతం తగ్గాయని, తెలివి క్షీణించడం కూడా కొద్దిగా నెమ్మదించిందని 2008లో ప్రకటించారు. ఆ కొద్ది అనేది నిజంగానే కొద్దే. మనకేమో ఎండకు కొరత లేదు, పడకగదిలో ఏసీ వేసి పగలే తెరలు దించే అలవాటే ఉంది.

ఈ చర్చలో డిమెన్షియా ఉన్నవారి కోసం నెదర్లాండ్స్‌లో కట్టిన హోగెవేక్ పేరు రాక తప్పదు. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర వేస్ప్ పట్టణంలో మామూలు నర్సింగ్ హోమ్‌గా ఉన్నదాన్ని కూల్చి, చిన్న పేటలా తిరిగి కట్టారు. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు చొప్పున ఉంటారు. కిరాణా దుకాణం, కాఫీ హోటలు, నాటకశాల, తోటలు ఉన్నాయి. సిబ్బంది యూనిఫామ్ వేసుకోరు. లోపల ఎక్కడికైనా తిరగవచ్చు, బయటికి దారి మాత్రం ఒక్కటే, అక్కడ మనిషి ఉంటాడు. దీన్ని మెచ్చేవాళ్ళు ఎంతమందో, అందమైన అబద్ధం అని ముఖం చిట్లించేవాళ్ళూ అంతమంది. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక వృద్ధాశ్రమం ముందు ఏ బస్సూ ఆగని బస్‌స్టాప్ పెట్టారు. ఇంటికి పోతానని బయల్దేరినవారు అక్కడ కూర్చుంటారు, కాసేపటికి ఎందుకొచ్చారో మరచిపోతారు, ఎవరో వచ్చి కాఫీ తాగుదాం రమ్మంటారు. రెండూ ఒక గాటన కట్టేవి కావు. హోగెవేక్ దుకాణంలో కూరగాయలు నిజమైనవి, వాటితో వంట నిజంగానే జరుగుతుంది. బస్‌స్టాప్‌లో బస్సు రాదు. మనిషి చేసే పనికి ఫలితం దక్కుతోందా లేదా అన్నదే కొలమానంగా పెట్టుకుంటే మొదటిది పరిసరం, రెండోది వల. ఆ వల కూడా రోడ్డు మీద తప్పిపోవడం కంటే మేలే అనే కుటుంబాలను తప్పుబట్టలేం.

హోగెవేక్‌ను మన దగ్గర తేవాలనే ఉత్సాహం అక్కడక్కడా వినబడుతుంది. దాని వెనక ప్రభుత్వం భరించే దీర్ఘకాలిక సంరక్షణ వ్యవస్థ ఉంది, ఇరవై నాలుగు గంటల సిబ్బంది ఉన్నారు. గోడలు మాత్రం దించుకుంటే వచ్చేది ఖరీదైన గేటెడ్ కమ్యూనిటీ. మనకు పనికొచ్చే నమూనా జపాన్‌ది. వాళ్ళు 2005 నుంచి ‘డిమెన్షియా సపోర్టర్స్’ పేరుతో బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, బడిపిల్లలకు గంటన్నర శిక్షణ ఇస్తూ వచ్చారు. కోటి మందికి పైగా నేర్చుకున్నారు. క్యూషూ దీవిలోని ఒముటా పట్టణంలో తప్పిపోయిన పెద్దవారిని గుర్తించి పలకరించే కసరత్తు ఊరంతా కలిసి చేస్తారు. కొత్త కట్టడం ఏదీ లేదు, ఊరినే పరిసరంగా మలిచారు. మన వీధుల్లో దీనికి కావలసిన మనుషులు ఇప్పటికే ఉన్నారు. వాచ్‌మన్, మూల మీది కిరాణా కొట్టాయన, ఆటో స్టాండు కుర్రాళ్ళు, ఇస్త్రీ బండి, గుడి పూజారి. వాళ్ళకు ఒక ఫొటో, ఒక ఫోన్ నంబరు, ‘తాతగారు ఒంటరిగా కనబడితే కూర్చోబెట్టి మాకు చెప్పండి’ అనే మాట చేరితే చాలు. చేరకపోవడానికి కారణం పరువు. ‘మతి తప్పింది’ అని నలుగురికీ తెలిస్తే ఇంట్లో పెళ్ళి సంబంధాలు ఆగుతాయని దాచే కుటుంబాలు ఉన్నాయి. తాళం వేసి లోపల ఉంచుతారు. ఆ తాళం వేసిన ఇంట్లో నిప్పు రాజుకుంటే బయటికి వచ్చే దారి ఉండదన్నది ఎవరికీ తట్టదు.

పళ్ళేలు, లైట్లు, గడపలు అన్నీ సరిదిద్దినా వాటన్నిటినీ ఒక్క దెబ్బతో వృథా చేసే ఆచారం మన దగ్గర ఒకటుంది, వంతులు. ఒక్కో కొడుకింట్లో నెల, లేదా మూడు నెలలు. న్యాయంగా పంచుకున్నామనే తృప్తి పిల్లలకు ఉంటుంది. డిమెన్షియా ఉన్న తల్లికి మాత్రం ఇంతకంటే కష్టమైన ఏర్పాటు ఊహించలేం. విజయవాడ ఇంట్లో ఎడమవైపున్న బాత్రూమ్ హైదరాబాద్ ఫ్లాట్‌లో కుడివైపు ఉంటుంది. రెండు వారాలు తడుముకుని కాళ్ళకు దారి అలవాటయ్యేసరికి మూడో కొడుకు కారు వస్తుంది. ప్రతి మార్పుకూ జబ్బు ఒక మెట్టు దిగజారినట్టు కనిపిస్తుంది, ‘మా ఇంట్లో ఉన్నప్పుడు బానే ఉంది’ అని తోడికోడళ్ళ మధ్య మాటలొస్తాయి. వంతు తల్లిది కాకుండా పిల్లలది చేసిన ఇళ్ళు లేకపోలేదు. తల్లి తన ఇంట్లోనే ఉంటుంది, కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు తలా కొన్నాళ్ళు వచ్చి ఉంటారు, రాలేనివాళ్ళు మనిషిని పెట్టడానికి డబ్బు పంపుతారు. ఉద్యోగాలు, పిల్లల చదువుల మధ్య ఇది తేలిక కాదు. మార్చడం తప్పనిసరైనప్పుడు కనీసం మంచం, దుప్పటి, కుర్చీ, దేవుడి పటం, తాగే గ్లాసు కూడా తీసుకెళ్ళి, పాత గదిలో ఏ వైపు ఏది ఉండేదో ఆ వైపే అమర్చాలి.

అమెరికాకు తీసుకెళ్ళే పిల్లల సంగతీ ఇందులోనే వస్తుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలల బస, దాదాపు పన్నెండు గంటల తేడాతో తలకిందులైన పగలూ రాత్రీ, మంట కనబడని స్టవ్, శీతాకాలంలో సాయంత్రం అయిదింటికే చీకటి, కిటికీలోంచి చూస్తే మనిషి జాడ లేని వీధి. తొలి దశలో ఉన్నవారు కూడా అక్కడ ముదిరినట్టు కనిపించి, తిరిగొచ్చాక కొంత కోలుకోవడం కద్దు. జబ్బు బయటపడ్డాక చివరిసారి మనవల్ని చూపిద్దామని ప్రయాణం పెట్టుకునేవారు మనవల్నే ఇక్కడికి తేవడం గురించి ఆలోచించడం మంచిది.

ప్రభుత్వ వ్యవస్థ ఈ దిశగా నడక మొదలుపెట్టిందని చెప్పడం కష్టం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. పార్కిన్సన్స్ పేరు ఉంది, డిమెన్షియా పేరు విడిగా లేదు. అందుబాటు అంటే ర్యాంపు, లిఫ్ట్ అనే అర్థమే పాతుకుపోయింది. ఆసుపత్రి ఓపీలో దారి తెలియక నిలబడ్డ మనిషికి ర్యాంపు ఏం చేస్తుంది? హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆ మాట చెప్పుకుంది. జబ్బు గురించిన విజ్ఞానానికి మన నగరం అంత చేర్చింది. అదే నగరంలో ఆసుపత్రి బోర్డులు పెద్దక్షరాల తెలుగులో, కంటి ఎత్తులో ఉండాలన్న చిన్న పని ఇంకా మిగిలే ఉంది.

ఇంట్లో ఇక కుదరదని కేర్ హోమ్ వెతికే కుటుంబాలు సాధారణంగా చూసేవి శుభ్రత, ఏసీ, నెలకు ఎంత. అవి చూసుకుంటూనే మరికొన్ని గమనించడం అవసరం. మంచం మీద పడుకుని చూస్తే టాయిలెట్ కనబడుతుందా. వరండా చివర తాళం వేసిన తలుపు ఉందా, లేక కూర్చునే చోటేదైనా ఉందా. ఎదురుగా తాళం తగిలినవాళ్ళు దాన్ని గుంజుతూ ఉండిపోతారు. అన్నం వేళకు అక్కడే ఉండి కంచం రంగు, టీవీ మోత, ఎంతమంది ఒక గదిలో తింటున్నారో చూడాలి. ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకోనిస్తారా అని అడగాలి. పెద్దవాళ్ళు ఆరుబయటికి వెళ్ళాలంటే ఎవరి అనుమతి కావాలి, రోజులో ఎన్నిసార్లు వెళతారు అని కూడా. జవాబు చెప్పేది మేనేజరు కాకుండా అక్కడ రోజూ పనిచేసే ఆయా అయితే ఇంకా మంచిది, వాళ్ళకు అసలు సంగతి తెలుసు.